ఎర్ర నూనె చుక్క

పందొమ్మిది వందల ఎనభై రెండులో కోల్డర్ లోయకు వచ్చినప్పుడు నా చేతిలో ఉన్నవి చెప్తాను. ఒక నిలువు డ్రిల్లు యంత్రం. ఇనుములో సన్నటి మరలు కోసే సాధనాల పెట్టె. జీనులు కుట్టేవాడు ఖాళీ చేసి పోయిన గది, తోలు వాసనతో సహా అద్దెకు. రివాల్వర్ గొట్టం మీద ఎక్కడ చిల్లు పెడితే బలం పోదో తెలిసిన అనుభవం. వీటన్నిటి కంటే విలువైనది ఒక అంచనా. మోంటానాలో ఆ తరం వేటగాళ్ళకు చేతులు ఇంకా స్థిరంగా ఉన్నాయి, కళ్ళు మాత్రం మసకబారుతున్నాయి. అలాంటివాళ్ళు తమ రివాల్వర్ మీద దూరాన్ని దగ్గర చేసి చూపే స్కోపు పెట్టించుకోవడానికి ఎప్పుడో ఒకప్పుడు వస్తారు. ముందు వెక్కిరిస్తారు, తర్వాత వస్తారు. ఆ మధ్య కాలం తట్టుకోగలిగితే వ్యాపారం నిలబడుతుంది.

పని చూడ్డానికి చిన్నదే. రైఫిల్ స్కోపుకు కన్ను ఆనించినంత దగ్గరగా పెట్టి చూస్తారు. రివాల్వర్‌ది చెయ్యి చాచి చూసేది, దాని అద్దమే వేరు. చిక్కంతా తన్నులో ఉంది. పేల్చినప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది, స్కోపు మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఆ రెండిటి తగువు తీర్చేవి కొన్ని చిన్న స్క్రూలు. అవి నిలవాలంటే చిల్లుల్లో తడి ఉండకూడదు. నేను స్పిరిటుతో కడిగి, ఆరబెట్టి, మర కదలకుండా పట్టే నీలం జిగురు వేసి బిగించేవాణ్ణి. స్కోపును పట్టే రింగుల లోపల ఫిడేలు వాయించేవాళ్ళు కమానుకు రుద్దే గుగ్గిలం పొడి చల్లేవాణ్ణి. ఆ తర్వాత మైదానానికి తీసుకెళ్ళి, స్కోపు కదలదని నాకు నమ్మకం కుదిరేదాకా పేల్చేవాణ్ణి. పేల్చి చూడని తుపాకీ నా చేతిలోంచి ఎవరికీ వెళ్ళలేదు. నా పేరు ఆర్విడ్ స్కార్. ఆ లోయలో నా పేరుకు ఉన్న విలువంతా ఆ ఒక్క అలవాటుదే.

మైదానం గన్ క్లబ్బుది. వెనక మట్టికట్ట, ముందు వరసగా సిమెంటు బల్లలు, పైన రేకులు. చిట్టచివరి బల్ల పనిరోజుల్లో నేను వాడుకోవచ్చని క్లబ్బు ఒప్పుకుంది. అంత చదును నేల మళ్ళీ దొరకాలంటే రెండు గంటలు బండి తోలాలి. ఆ బల్ల పోతే నా దుకాణం పోయినట్టే.

ఆ బల్ల పీకించాలని మొదటి ఏడాది నుంచీ చూసినవాడు క్లబ్బు అధ్యక్షుడు లోవెల్ గ్రిగ్స్. ఊళ్ళో లారీలు బాగుచేసే షెడ్డు ఆయనది. అరవై దాటినవాడు. ఇనప పలకల నుంచి కోసిన కోళ్ళ, పందుల, పొట్టేళ్ళ బొమ్మల్ని వరసగా నిలబెట్టి రివాల్వర్‌తో పడగొట్టే పోటీలో, స్కోపు లేకుండా గొట్టం మీదుండే మామూలు ఇనప గురితో ఆయన్ని కొట్టినవాడు లేడు. నా దుకాణానికి కళ్ళజోళ్ళ కొట్టు అని పేరు పెట్టింది ఆయనే.

మా ఇద్దరికీ చెడింది మాత్రం స్కోపు దగ్గర కాదు, నూనె దగ్గర. పోటీ అయ్యాక తుపాకులన్నీ ఖాళీ చేసి పొడుగు బల్ల మీద పరుస్తారు. అధ్యక్షుడు సన్నటి మూతి ఉన్న నూనె డబ్బా పట్టుకుని వరసగా నడుస్తాడు. ప్రతి తుపాకీ మీదా ఒక చుక్క. లోవెల్ తండ్రి మొదలుపెట్టిన ఆచారం అది. నూనె కూడా ఇంట్లో కలిపిందే. లారీ గేరుపెట్టెలో పోసే ఎర్ర నూనె, కిరసనాయిలు, ఇంకా ఏవో. ఆ చుక్క పడకుండా తుపాకీ పెట్టెలోకి వెళ్ళదు. ఆయన చుక్క వేశాక టోపీ అంచు తాకి తల వంచుతారు.

నా మొదటి పోటీలో ఆయన నా దగ్గరకు వచ్చేసరికి నేను స్కోపు మీద అరచెయ్యి అడ్డం పెట్టాను.

"చెయ్యి తియ్యి."

"వద్దండీ. దీనికి కావలసింది నేనే వేసుకుంటాను."

"ఈ చుక్క ఇంతవరకూ షెరీఫు కూడా కాదనలేదు."

"షెరీఫు తుపాకీ మీద స్కోపు లేదు కదండీ."

ఎవరో నవ్వారు. లోవెల్ నవ్వినవాడి వైపు చూడలేదు, నా వైపే చూశాడు. డబ్బా మూతి నా వేళ్ళ మీదుగా పక్క తుపాకీకి వెళ్ళింది. ఆ రోజు నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు.

అయినా పని వచ్చింది. ఒకడి తర్వాత ఒకడు, కొంచెం సిగ్గుపడుతూ, తువ్వాల్లో చుట్టి తెచ్చేవాళ్ళు. తిరిగి ఇచ్చేటప్పుడు ప్రతివాడికీ ఒకటే చెప్పేవాణ్ణి: స్క్రూలకు నూనె తగలనివ్వకు. సరేనని వెళ్ళేవాళ్ళు.

మూడో ఏడాది సెప్టెంబరులో, దుప్పుల వేట ఇంకో నెలలో మొదలవుతుందనగా, ఆ సంగతి జరిగింది. కర్టిస్ బొగార్డ్ అని గొడ్లు మేపేవాడు, నా ఖాతాదారు, ఆఖరి వరసలో పొట్టేలు మీద గురిపెట్టాడు. పేల్చాడు. పొట్టేలు పడలేదు. మట్టికట్ట మీద దుమ్ము కూడా లేవలేదు. కట్ట మీద దుమ్ము లేవలేదంటే గుండు కట్ట దాటిందని. అందరూ ఒక్కసారిగా తుపాకులు దించారు.

కట్ట వెనక మేత బీడు మేవిస్ టిల్డన్‌ది. కాసేపటికి ఆమె బండి దుమ్ము లేపుకుంటూ వచ్చి బల్లల ముందే ఆగింది. మేవిస్ దిగింది. మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

"కాల్చింది ఎవడు?"

కర్టిస్ టోపీ తీశాడు.

"నా గొడ్ల తొట్టికి అటు చిల్లు, ఇటు చిల్లు. నేను ఆ తొట్టి పక్కనే వంగుని పంపు విప్పుతున్నా. ఇంకో జానెడు ఇటు జరిగుంటే మీ పెళ్ళాలంతా బుధవారం నా అంత్యక్రియలకి ఆలుగడ్డల వంటకాలు మోసుకొచ్చేవాళ్ళు."

"స్కోపు పెట్టిన తుపాకీ, మేవిస్," అన్నాడు లోవెల్. "మావి కావు. ఆ కళ్ళజోళ్ళవాడి పని."

"ఎవడి పనైతే నాకేంటి? ఇది కనిపెట్టి ఆపుతావా, నన్ను కోర్టుకెళ్ళి మైదానానికి తాళం వేయించమంటావా?"

"వచ్చే ఆదివారం క్లబ్బు చేత ఓటు వేయించి ఆపేస్తా. స్కోపులన్నీ బయటకి. ఆ చివరి బల్ల కూడా."

అందరూ నన్ను చూశారు. వాళ్ళలో సగం మంది తుపాకుల మీద నేను బిగించిన స్కోపులే ఉన్నాయి.

కర్టిస్ తుపాకీ తెచ్చి నా చేతిలో పెట్టాడు, పెట్టాడు అనడం కంటే కొట్టాడు అనడం నయం.

"ఏం అంటగట్టావు నాకు? ఆవిడ చచ్చుంటే ఎవరు జైలుకి పోయేది, నువ్వా?"

"దుకాణానికి రా. నీ ముందే విప్పుతాను."

"వస్తా. రాకేం."

దుకాణంలో బల్ల దీపం కింద చూశాం. స్కోపు వెనక భాగం లేచి ఉంది. వెనక స్క్రూ వదులైతే స్కోపు కిందికి చూస్తుంది. మనిషి దాన్ని గురి మీదికి తేవడానికి గొట్టం పైకెత్తుతాడు. గుండు ఆకాశానికి పోతుంది. ఇంతవరకూ నాకు ఆశ్చర్యం లేదు. నేను బిగించిన స్క్రూ వేళ్ళతో తిప్పితే ఊడి వచ్చింది. ఆశ్చర్యం అక్కడ. తెల్లగుడ్డ మీద పెట్టాను. గుడ్డ ఎర్రబడింది.

"నూనె వేశావా?"

"నువ్వు వద్దన్నావుగా. వెయ్యలేదు."

"మరి ఇదేంటి?"

కర్టిస్ గుడ్డ కేసి చూసి, నా కేసి చూసి, చివరికి గోడ కేసి చూశాడు.

"లోవెల్ వేస్తాడుగా."

"ఎక్కడ?"

"స్క్రూల మీదే. కొత్త ఇనుము, తుప్పు పడుతుంది అన్నాడు. వేసవంతా ప్రతి పోటీకీ వేశాడు. నన్నేం చెయ్యమంటావు ఆర్విడ్? నీలాగా చెయ్యి అడ్డం పెట్టమంటావా? ఆయన నాకు సొంత మేనమామ."

నేను బిగించిన ప్రతి తుపాకీకీ ఆ చుక్క పడి ఉంటుందని అప్పుడు అర్థమైంది. అందరూ నాకు సరేనన్నారు. అందరూ ఆయనకు తల వంచారు.

గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాను. దాన్ని రెండు రకాలుగా వాడుకోవచ్చు. అందరి ముందూ పరిస్తే లోవెల్ పరువు పోతుంది. కానీ పరువు పోయిన అధ్యక్షుడికి చుట్టాలు చాలామంది, ఓటు వేసేది వాళ్ళే. ఎవరికీ చూపించకపోతే ఆయన నాకు బాకీ పడతాడు. రెండోదే మేలనిపించింది. సోమవారం పొద్దున షెడ్డుకు వెళ్ళాను.

ఆయన లారీ కింద ఉన్నాడు. బూట్లు మాత్రం కనబడుతున్నాయి.

"లోవెల్ గారూ, ఒక మాట."

"బూట్లతో మాట్లాడు. అవే నీకు తగ్గ ఎత్తు."

గుడ్డ ఆ బూట్ల పక్కన పరిచాను. చాలాసేపటికి ఆయన బయటికి వచ్చి కూర్చున్నాడు. గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ వాసన ఆయనకు చెప్పాల్సిన పని లేదు.

"కర్టిస్ తుపాకీ వెనక స్క్రూ ఇది," అన్నాను. "మీ నూనె జిగురును తినేసింది. మీరు ఆదివారం బల్ల మాట ఎత్తకండి. స్కోపు తుపాకులకు చుక్క మానెయ్యండి. ఈ గుడ్డ నేను ఎవరికీ చూపించను."

"బేరానికొచ్చావా?"

"నా పని అదే కదండీ."

"మా నాన్న కలిపిన నూనె. నలభై ఏళ్ళు. ఒక్క తుపాకీ చెడలేదు."

"ఇనప గురి తుపాకులండీ అవి. వాటిలో వదులవడానికి ఏముంది?"

ఆయన లేచి నిలబడ్డాడు. నాకంటే ఒక తల ఎత్తు.

"మొత్తం సామాను మళ్ళీ బిగించు. నీకు చేతనైనంత గట్టిగా. బిగించి ఆ తుపాకీ నాకియ్యి. ఆదివారం దాకా నా దగ్గరే ఉంటుంది, రోజూ నూనె వేస్తా. చుక్క కాదు, స్నానం చేయిస్తా. అందరి ముందూ నేనే కాలుస్తా. ఏమీ కాకపోతే నీ బల్ల నువ్వే గునపంతో పగలగొట్టి మోసుకుపోవాలి."

"అయితేనో?"

"అవ్వదు."

"అయితేనండీ?"

"ఏం కావాలో అడుక్కో. ఊరికే వచ్చేది కాదుగా."

"బల్ల నాకు ఉండాలి. దాంతోపాటు, స్కోపు ఉన్న ఏ తుపాకీ అయినా నేను స్క్రూలు పట్టి చూశాకే గురివరసలోకి వెళ్ళాలి. ఎవరిదైనా సరే."

ఆయన నవ్వాడు. "రాసిమ్మన్నా రాసిస్తా. ఇక నా లారీకి అడ్డం తప్పుకో."

ఆ మధ్యాహ్నమే కర్టిస్ ఎదుట మళ్ళీ బిగించాను. అదే రకం రివాల్వర్ నాది ఒకటి ఉంది. దానికీ అదే రోజు అలాగే బిగించి, పోల్చి చూపడానికి పొడిగా ఉంచాను. జిగురు ఆరాక కర్టిస్ తన తుపాకీ షెడ్డులో ఇచ్చి వచ్చాడు.

ఆ వారమంతా నాకు భయమే. లోవెల్ ఒంటరిగా ఉన్నప్పుడు స్క్రూ తిప్పి బిగిస్తాడేమో అన్న అనుమానం నాకు లేదు. ఆయనంటే నాకు ఒళ్ళుమంట, కానీ ఆ పని చెయ్యడని తెలుసు. ఆ క్లబ్బులో ఎవరి గురి వాళ్ళే చెప్పుకుంటారు. గుండు తప్పితే, నేను ట్రిగ్గరు కుదిపి లాగాను అనో, గాలి అనో, కాల్చినవాడే అంటాడు. లోవెల్ మాట అయ్యాక ఎవరూ దుర్భిణీ ఎత్తి సరిచూడరు. నా భయం వేరు. కర్టిస్ తుపాకీ వేసవంతా నానింది. వారం రోజులకు నూనె లోపలికి దిగుతుందో లేదో నేను ఎన్నడూ చూడలేదు. తెలియనిదాని మీద దుకాణం మొత్తం పందెం కాశాను. వ్యాపారి చెయ్యకూడని పని అది.

ఆదివారం క్లబ్బంతా వచ్చింది. మేవిస్ తన బండి వెనక తలుపు దించి దాని మీద కూర్చుంది, చేతిలో కాఫీ. ఇనప కోళ్ళ వరస దగ్గర, ఎత్తైన కట్ట ముందు, కాగితం గురి నిలబెట్టారు. లోవెల్ కర్టిస్ తుపాకీ తీసుకొచ్చాడు. అది నూనెలో మెరుస్తోంది. పక్క బల్ల దగ్గర కర్టిస్ నా పొడి తుపాకీతో కూర్చున్నాడు.

స్కోపు ఉన్న తుపాకీ లోవెల్ చేతిలో చూడ్డం అందరికీ అదే మొదటిసారి. ఆయన దాన్ని చచ్చిన పిల్లిని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కానీ చెయ్యి చాచాక ఆ చెయ్యి కదల్లేదు.

మొదటి చుట్టు గుళ్ళన్నీ నడిమి బొట్టు చుట్టూనే. రెండో చుట్టూ అంతే. కర్టిస్‌వీ అంతే.

"ఏం వర్తకుడా," అన్నాడు లోవెల్, గుళ్ళు ఎక్కిస్తూ. "గునపం తెచ్చుకున్నావా, నన్ను ఇమ్మంటావా?"

నవ్వారు. నేను కాగితం వంకే చూస్తున్నాను.

మూడో చుట్టులో ఒకటి పైకి పోయింది.

"లాగాను," అన్నాడు లోవెల్.

తర్వాతది ఇంకా పైకి. ఊపిరి పీల్చుకుని, మోచేతులు సర్దుకుని, చాలాసేపు పట్టి పేల్చాడు. కాగితానికి పైన, కట్టలో మట్టి లేచింది.

అక్కడున్న ప్రతివాడూ ఆ నోటి నుంచి ఏం వస్తుందా అని చూస్తున్నాడు. లాగాను అంటే చాలు. వయసు మళ్ళిన చెయ్యి, అలవాటు లేని స్కోపు. ఎవరైనా నమ్ముతారు. నా బల్ల పోతుంది.

"నేను లాగలేదు," అన్నాడు. "స్కోపులో గీతల కూడలి బొట్టు మీదే ఉంది."

తుపాకీ ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, బొటనవేలితో స్కోపు వెనక నొక్కాడు. అది కిందికీ పైకీ ఆడింది. స్క్రూ వేళ్ళతో తిప్పాడు. ఊడి వచ్చింది. దాన్ని అరచేతిలో వేసుకుని మేవిస్ దగ్గరకు నడిచాడు.

"నీ తొట్టికి చిల్లు పెట్టింది నా నూనె."

"నూనైతే నాకేం, నువ్వైతే నాకేం. కొత్త తొట్టి ఎప్పుడు వస్తుంది?"

"రేపు పొద్దున నేనే దించుతా."

"పంపు కూడా బిగించి పో. మధ్యలో వదిలేశా." కాఫీ పారబోసి, బండి తలుపు ఎత్తి వెళ్ళిపోయింది.

లోవెల్ నా దగ్గరకు వచ్చాడు. అందరూ వింటున్నారని ఆయనకు తెలుసు, గొంతు తగ్గించలేదు.

"సంతోషమా?"

"పని అయిందండీ."

"సోమవారమే నీకు తెలుసు. నూనె ఎన్ని తుపాకుల్లోకి దిగిందో తెలుసు. ఎవరి గుండు ఎవరికి తగులుతుందో అని భయపడి రాలేదు నువ్వు. అమ్మకానికి తెచ్చావు. నేను కొనుంటే నోరు మూసుకునేవాడివి."

"చుక్క మానెయ్యమని కూడా అడిగానండీ."

"బల్ల మాట ముందు అడిగావు. నూనె మాట తర్వాత." నేల మీద ఉమ్మాడు. "బల్ల నీదే. స్క్రూలు చూసే పనీ నీదే. నేనన్న మాట. నా నీడ మీద కూడా అడుగెయ్యకు."

ఓటింగు జరగలేదు. ఆయన మాట చాలింది. వేటకు ముందు ఆ నెలంతా లోయలోని స్కోపు తుపాకులు ఒకదాని తర్వాత ఒకటి నా బల్ల మీదికి వచ్చాయి. విప్పి, ఎర్ర నూనె కడిగి, మళ్ళీ బిగించాను. తెచ్చినవాళ్ళు థాంక్స్ చెప్పలేదు. లోవెల్ చుట్టాలైతే తుపాకీ బల్ల మీద పెట్టి, బండిలో కూర్చుని, పనయ్యాక హారన్ కొట్టేవాళ్ళు. వాళ్ళ తుపాకులకూ అంతే గుగ్గిలం, అంతే జిగురు వేశాను. పని తక్కువ చేస్తే నష్టం నాకే.

పోటీల్లో చుక్క ఆగలేదు. స్కోపు ఉన్న తుపాకులను దాటుకుని ఆయన డబ్బా నడుస్తుంది. దాటిపోయినప్పుడల్లా ఆ తుపాకీ వాడు నన్ను ఒక చూపు చూస్తాడు.

ఇంకో రెండేళ్ళకు, ఏప్రిల్ మొదటి పోటీ నాడు, లోవెల్ నా బల్ల దగ్గరకు వచ్చాడు. చేతిలో తన పాత రివాల్వర్. దాని మీద స్కోపు. ఇనప పొట్టేలు ఆయన కంటికి ఆనడం లేదని లోయలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నా దుకాణం ఆయన షెడ్డుకు వీధి అవతలే ఉంది. ఆయన రెండు గంటలు బండి తోలుకుని పట్నంలో వేరేవాడి చేత బిగించుకున్నాడు. నియమం మాత్రం ఆయన ఒప్పుకున్నదే. తుపాకీ బల్ల మీద పెట్టి కట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు.

స్క్రూలు పట్టి చూశాను. పొడిగా, గట్టిగా ఉన్నాయి. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. వెతకలేదని చెప్పను.

"వెళ్ళొచ్చండీ," అన్నాను.

ఆయన తీసుకుని వరసలోకి వెళ్ళాడు. ఆ రోజు పొట్టేళ్ళన్నీ పడగొట్టాడు.

ఇక లెక్క. బల్ల దక్కింది. దుకాణం నిలిచింది. గది ఇప్పుడు నా సొంతం. ఆ లోయలో స్కోపు ఉన్న ప్రతి రివాల్వరూ ఏడాదికి ఒకసారైనా నా చేతి మీదుగా పోతుంది. పక్కన కూర్చుని కాఫీ తాగేవాడు ఎవడూ మిగల్లేదు, దాన్ని ఖర్చు కింద రాసుకున్నాను. నా చెయ్యి జారిపోయిన పని ఒక్కటే, లోవెల్ గ్రిగ్స్ రివాల్వర్‌కు స్కోపు బిగించడం. మిగతాదంతా లాభమే.